రెండో శనివారం పండగ

పట్టుపురుగుల సంక్షేమ మండలి అనే పేరు విని మీరు మురిసిపోవచ్చు గాని, ఆ సంక్షేమం ఏపాటిదని పురుగుల్ని మాత్రం అడక్కండి. నెలరోజులు వాటికి పూటపూటా లేత మల్బరీ ఆకు మేపి, ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టి, రోగం రాకుండా సున్నం చల్లి, తీరా అవి ముచ్చటగా గూళ్ళు అల్లుకోగానే తీసుకెళ్ళి మరిగే నీళ్ళలో వేయించేది కూడా ఆ మండలే. అయినా మండలి మీద ఇంతవరకు ఒక్క పురుగూ ఫిర్యాదు చేయలేదు. ఈ సంగతి ప్రతి వార్షిక నివేదికలోనూ మొదటి పేజీలోనే ఉంటుంది.

ఆ మండలికి హిందూపురం దగ్గర ఒక కేంద్రం ఉంది. అందులో కదిరప్ప ముప్పై రెండేళ్ళుగా టెక్నికల్ అసిస్టెంటు. పురుగు తల ఎత్తిన తీరు చూసి దానికి ఆకలిగా ఉందో, ఆకు పడలేదో, జ్వరానికి కూర్చుంటుందో ఇట్టే చెప్పేస్తాడు. పట్టు రైతుల భాషలో జ్వరమంటే పురుగు మేత మానేసి పొర విడిచే సమయం. పై అధికారులు తల ఎత్తినప్పుడు మాత్రం వాళ్ళకేం కావాలో ఆయనకు ఏనాడూ బోధపడలేదు. అందువల్లే ముప్పై రెండేళ్ళ కిందటి హోదా ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

మే నెలలో ఆయనకు జపాన్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు హిరోసే. వయసు డెబ్బై తొమ్మిది. పంతొమ్మిదేళ్ళ కిందట పురుగుల పెంపకంలో మెలకువలు నేర్పడానికి హిందూపురం వచ్చి రెండు నెలలుంది. కదిరప్ప ఇంట్లో రాగిసంగటి, వేరుసెనగ ఊరిబిండి తిని, ఆయన భార్య సుంకులమ్మ దగ్గర నాలుగు తెలుగు మాటలు నేర్చుకుంది. వాటిలో ‘ఇంకొంచెం’ అన్నది బాగా వంటబట్టింది. కదిరప్పకు తెలిసిన విద్యలో సగం ఆమె పెట్టిందే. అప్పటినుంచి ఏడాదికి రెండు ఉత్తరాలు తప్పకుండా నడుస్తున్నాయి. ఆమె మనవరాలు ఇంగ్లీషులో రాసిపెడుతుంది, కదిరప్ప నిఘంటువు ముందు పెట్టుకుని చదువుకుంటాడు.

ఈసారి ఉత్తరం చిన్నది. మా ఊళ్ళో తొమ్మిది ఇళ్ళవాళ్ళం మిగిలాం, ఈ ఏటితో పురుగుల పెంపకం మానేస్తున్నాం, చేసేవాళ్ళు లేరు. ఏటా ఆఖరి గూళ్ళు తీశాక మా షెడ్డు పక్కనున్న రాతి దగ్గర, మాకోసం ప్రాణాలిచ్చిన పురుగులకు దండం పెట్టుకుంటాం. ఈసారిది ఆఖరిది. నవంబరు ఇరవై మూడున. ఆ రోజు మా దేశమంతా సెలవు కాబట్టి పిల్లలు కూడా వస్తారు. నువ్వు నా పక్కన నిలబడాలని నా కోరిక. టిక్కెట్టు తొమ్మిది ఇళ్ళవాళ్ళం కలిసి పంపుతాం.

కదిరప్ప ఆ ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మనిషికి జీవితంలో ఒక పదవి మీద గాని, ఒక పతకం మీద గాని ఆశ పుట్టలేదు. ఆమె షెడ్డులో ఒక్కసారి నిలబడాలన్న ఆశ మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఉంది. వెంటనే దరఖాస్తు రాసుకుని డిప్యూటీ డైరెక్టరు విరూపాక్షం ముందుకు వెళ్ళాడు.

విరూపాక్షం చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“అదృష్టం మంచిదే కదిరప్పా. తారీఖే మంచిది కాదు. నలభై ఏడో నంబరు సర్క్యులర్ చూడలేదాప్పా?”

ఆ సర్క్యులర్‌కు ఒక కథ ఉంది. రెండేళ్ళ కిందట మండలి పెద్దలు అయిదుగురు అధ్యయనం కోసం ఒక దేశం వెళ్ళారు. ఏ దేశమైతే మనకెందుకు గాని, వాళ్ళు దిగిన రోజు అక్కడ జాతీయ పండగ. ఆ మర్నాడూ పండగే. మూడో రోజు ఆదివారం. నాలుగో రోజు తిరుగు విమానం. మూసిన గేటు ముందు నిలబడి, తాళం కనపడేలా ఫొటో దిగి వచ్చారు. ఆ ఫొటో కాస్తా పత్రికలో పడింది. మండలి పరువు గంగలో కలిసింది. వెళ్ళేముందు ఒకసారి క్యాలెండర్ చూసుకుంటే పోయేదానికి మండలి ఒక విభాగాన్నే స్థాపించింది.

సర్క్యులర్‌లో ఇలా ఉంది: “మండలి ఉద్యోగులెవ్వరును అతిథి దేశపు సెలవు దినములందు గాని, పండుగ దినములందు గాని, స్థానిక ఆచారములకు భంగము కలుగు అవకాశమున్న దినములందు గాని, స్వదేశపు సెలవు దినములందు గాని విదేశములందు ఉండరాదు. సొంత సెలవుపై, సొంత ఖర్చుతో వెళ్ళువారికి సైతము ఇది వర్తించును.”

“సార్, వాళ్ళు నన్ను పిలిచిందే పండక్కి గదా” అన్నాడు కదిరప్ప. “పండగ లేని పొద్దు పొయ్యి నేనేం జేయాల?”

“నీకు తెలుసు, నాకు తెలుసు. సర్క్యులర్‌కు తెలీదు గదప్పా” అని విరూపాక్షం దరఖాస్తు మీద ‘పరిశీలన నిమిత్తం సమర్పించడమైనది’ అని రాసి పైకి పంపేశాడు. ఆయన సర్వీసంతా ఆ ఒక్క వాక్యం మీదే సాఫీగా నడిచింది.

జూలైలో ప్రధాన కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. కదిరప్ప రాత్రి బండెక్కి, పొద్దున్నే దిగి, పదింటికల్లా పర్వదిన పరిశీలన విభాగంలో నిలబడ్డాడు. అక్కడ పదకొండు మంది ఉద్యోగులు. ఒక గోడంతా చార్టు. ప్రపంచంలోని దేశాలన్నీ నిలువుగా, ఏడాదిలోని రోజులన్నీ అడ్డంగా. వాళ్ళ సెలవులకు ఎర్ర గుండుసూదులు, మన సెలవులకు పచ్చవి, ఆచారాలకు పసుపువి, ఇంకా తేల్చవలసినవాటికి నీలం. చూస్తుంటే గోడకే తట్టు పోసినట్టుంది.

విభాగపు ప్రత్యేకాధికారి సోమసుందరం చాలా మంచివాడు. ఇది వెటకారం కాదు, నిజంగానే మంచివాడు. ఇతరుల సెలవులు కాపాడే పనిలో పడి తను రెండేళ్ళుగా ఒక్క సెలవూ తీసుకోలేదు. ఆయన పదవిలోకి వచ్చాక ఒక్క విదేశీ పర్యటనకూ అనుమతి రాలేదు. కనుక సెలవు రోజున వెళ్ళి భంగపడినవాళ్ళు కూడా ఎవరూ లేరు. విభాగం నూటికి నూరు శాతం విజయవంతమైందని మండలి ప్రశంసాపత్రం ఇచ్చింది. అది చార్టు పక్కనే వేలాడుతోంది.

“రండి కదిరప్పగారూ, కూర్చోండి” అని ఆయన కుర్చీ చూపించాడు. “మీ దరఖాస్తు మా విభాగ చరిత్రలో ఒక మైలురాయి. పొరపాటున పండగనాడు వెళ్ళినవారిని చూశాం. పండగనే పర్యటన ప్రయోజనంగా చూపిన దరఖాస్తు మాత్రం ఇదే ప్రథమం. దీన్ని తిరస్కరించడం మాకు సుతరామూ ఇష్టం లేదు. సానుకూల దృక్పథంతో మరొక తేదీ అన్వేషించాలని నిర్ణయించాం.”

“తేదీ వాళ్ళు చెప్పినారు సార్. నవంబరు ఇరవై మూడు.”

“అది ఎర్ర సూది” అన్నాడు సోమసుందరం జాలిగా. “ఆ సంగతి మరిచిపోండి. జపాన్‌కు సంబంధించినంతవరకు జూన్ నిర్మలమైన మాసం. ఒక్క ప్రభుత్వ సెలవు లేదు.”

“జూన్ అయిపోయె గదా సార్.”

“వచ్చే జూన్. అయితే జూన్‌లో మనకు సాధారణ బదిలీలు. బదిలీల వేళ ఉద్యోగి స్వదేశంలో లేనట్లయితే ఎక్కడినుంచి ఎక్కడికి బదిలీ చేయాలన్న సాంకేతిక సమస్య ఉత్పన్నమవుతుంది. అందువల్ల డిసెంబరు ప్రథమార్ధం పరిశీలించాం. ఆ పక్షంలో వాళ్ళకు ఎర్ర సూదులు లేవు, మన పచ్చ సూదులకు ప్రత్యేక మినహాయింపు సంపాదించాం. మేమంతా చాలా సంతోషించాం. స్వీట్లు కూడా పంచుకున్నాం. ఇంతలో మా పరిశోధకుడు ఒక ఆచారాన్ని కనుగొన్నాడు.”

పరిశోధకుడనే కుర్రగుమాస్తా లేచి నిలబడి చెప్పాడు. జపానువాళ్ళ పాత క్యాలెండర్లలో కూడా మంచిరోజులు, చెడ్డరోజులు ఉన్నాయట. దాదాపు ఆరు రోజులకొకటి పనికిరాని రోజు. ఆ రోజు పెళ్ళిళ్ళవీ పెట్టుకోరట. ఈ సంగతి తెలిసినప్పటినుంచి విభాగంలో అందరికీ జపానంటే గౌరవం పెరిగిందని సోమసుందరం చెప్పాడు. కదిరప్ప పది రోజుల పర్యటన ఎప్పుడు పెట్టుకున్నా అందులో ఒకటో రెండో చెడ్డరోజులు పడి తీరతాయి. ఆచారానికి భంగం.

“ఆయమ్మ అవన్నీ పట్టించుకోదు సార్. పురుగులకు రోజూ మేత పెట్టాల గదా, వాటికి మంచిరోజేంది, చెడ్డరోజేంది” అన్నాడు కదిరప్ప.

“పురుగుల అభిప్రాయం ఈ విభాగ పరిధిలోకి రాదు” అన్నాడు సోమసుందరం. “కాని మేము నిరాశ పడలేదు. చెడ్డరోజున మీరు జపాన్‌లో ఉండకూడదు, అంతే కదా? ఆ రోజు ఉదయం విమానమెక్కి వేరొక దేశానికి వెళ్ళి, మర్నాడు తిరిగి జపాన్ చేరుకోవచ్చు. సింగపూర్ పరిశీలించాం.”

“అక్కడ?”

“అక్కడ కొన్ని పసుపు సూదులు పడ్డాయి. వాటిని తప్పించడానికి ఇంకొక దేశం. అలా ఏడు దేశాలదాకా వెళ్ళాం. మీ పది రోజుల పర్యటనలో జపాన్‌లో ఉండేది మూడు రోజులు. మిగతా ఏడు రోజులూ ఆచారాలను గౌరవిస్తూ ఆకాశంలో ఉంటారు.”

కదిరప్ప జన్మలో విమానం ఎక్కలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అది చూసి కాబోలు, రెండో బల్ల దగ్గరున్న పర్యవేక్షకుడు మరో ఉపాయం చెప్పాడు. నడిసముద్రం ఏ దేశానిదీ కాదు. దానికి ప్రభుత్వం లేదు, ప్రభుత్వం లేనప్పుడు ప్రభుత్వ సెలవులుండవు. ఓడలో తీరానికి కొంచెం దూరంగా లంగరు వేసుకుని, మంచిరోజు రాగానే పడవలో ఒడ్డుకు పోయి రావచ్చు. ఈ సూచన మీద గంటసేపు చర్చ జరిగింది. చివరికి పున్నమికి సముద్రం పొంగుతుంది కాబట్టి అది సముద్రపు పండగ కిందికి వస్తుందా రాదా అన్నది తేలక, దానికి నీలం సూది గుచ్చారు.

సాయంత్రానికి సోమసుందరం ఒక నిర్ణయానికి వచ్చాడు. ఉద్యోగి పండగకు వెళ్ళలేనప్పుడు పండగే పక్కకు జరగడం న్యాయం. కనుక జపాన్‌లోని తొమ్మిది ఇళ్ళవారికీ మండలి తరఫున ఒక లేఖ వెళ్ళింది: “సదరు కృతజ్ఞతా కార్యక్రమమును పండుగ కాని ఒక పనిదినమునకు మార్చుకొనవలసినదిగా సాదరముగా కోరడమైనది.” మండలి ఏయే రోజుల్లో జవాబివ్వజాలదో వారికి తెలిసేందుకు మన సెలవుల పట్టిక కూడా ఇంగ్లీషులో జతపరిచారు.

ఇంటికొచ్చి కదిరప్ప ఈ సంగతి చెబితే సుంకులమ్మ నోరు నొక్కుకుంది. “ఏందయ్యా ఇది! పిలిచినోళ్ళ ఇంటికి పొయ్యి, మీ పండగ ఇంగో పొద్దు జేసుకోండని చెప్తారా ఎవురన్నా? ఆయమ్మ ముందర మన మొగం యాడ పెట్టుకోవాల?”

కదిరప్ప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. షెడ్డులో పురుగులకు ఆకు వేస్తూ, ఆమెకు కోపం వచ్చి ఉంటుందనీ, ఇక ఉత్తరాలు కూడా రావనీ తనలో తను గొణుక్కున్నాడు.

ఆమెకు కోపం రాలేదు. సెప్టెంబరులో మండలికి జవాబు వచ్చింది. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారట. పురుగులకు తారీఖులు తెలియవు, కాబట్టి వాటికి అభ్యంతరం ఉండదు. నవంబరు ఇరవై మూడే కానక్కర్లేదు. కదిరప్పగారు ఎప్పుడు వస్తే అప్పుడు చేసుకుంటాం. ఆయన వచ్చిన రోజే మాకు పండగ.

విరూపాక్షం ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు కదిరప్ప నిలబడ్డచోటే చేతులు జోడించాడు. సుంకులమ్మ ఆయన ప్రయాణానికి స్వెట్టరు కొనుక్కొచ్చింది.

ప్రధాన కార్యాలయంలో సోమసుందరం ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగోసారి ఆఖరి వాక్యం కింద గీత గీశాడు. విభాగం అత్యవసరంగా సమావేశమైంది. వారం తర్వాత కదిరప్పకు మెమో అందింది.

“అతిథి దేశస్థులు తమ లేఖలో, శ్రీ కదిరప్ప ఏ దినమున వచ్చిన ఆ దినమే పండుగ అని విస్పష్టముగా ప్రకటించియున్నారు. అనగా శ్రీ కదిరప్ప అడుగుపెట్టిన మరుక్షణమే ఆ దినము స్థానిక పండుగ దినముగా పరిణమించును. పండుగ దినమున అడుగుపెట్టరాదన్న నిబంధన దృష్ట్యా, శ్రీ కదిరప్ప ఏ సంవత్సరమందైనను, ఏ దినమందైనను సదరు దేశమునకు వెళ్ళుటకు వీలులేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మరెవ్వరు వెళ్ళుటకైనను అభ్యంతరము లేదు.”

ప్రపంచంలో ఇంతమంది ఉండగా, ఆ ఊరు వెళ్ళకూడనివాడు కదిరప్ప ఒక్కడే అని తేలింది. కారణం, ఆ ఊరివాళ్ళు రమ్మన్నది ఆయన్నొక్కడినే.

“తర్కంలో తప్పు లేదప్పా” అన్నాడు విరూపాక్షం మెమో అందిస్తూ. “నేను గూడా ఎతికినా. యాడా దొరకలేదు.”

కదిరప్ప మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చెట్టు చాటుకు పోయి ఏడవడం బాగుండదని మల్బరీ తోటలోకి వెళ్ళి, ఆకు కోస్తున్నట్టు కూర్చుని ఏడ్చాడు. ఇంటికొచ్చి హిరోసేకు ఉన్నదున్నట్టు రాశాడు. అమ్మా, మీరు నా మీద చూపిన ప్రేమ వల్లనే నేను రాలేకపోతున్నాను, క్షమించండి అని ముగించాడు. దానికి ఇంగ్లీషు ఎలా కుదిరిందో గాని, భావం అందింది.

అక్టోబరు చివర ఇంటి అడ్రసుకు జవాబు వచ్చింది. “మీ ఆఫీసువాళ్ళు మీ పండగల పట్టికను ఎంతో శ్రద్ధగా పంపారు. అందరం కలిసి చదివాం. మిగతా పండగలన్నీ ఏడాదికొక్కసారే వస్తున్నాయి. ఒక్కటి మాత్రం ప్రతి నెలా వస్తోంది. దాని పేరు రెండో శనివారం. ఏడాదికి పన్నెండుసార్లు చేసుకునే పండగ మీకు ఎంత ప్రియమైనదో అర్థమైంది. నువ్వు రాలేవు గనుక, నవంబరులో మీ రెండో శనివారం పండక్కి నేను, మా మనవరాలు వస్తున్నాం. మాకు ఇలాంటి సర్క్యులర్ ఏదీ లేదు.”

కదిరప్ప చదివి వినిపించాడు. సుంకులమ్మ కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “అది పండగ గాదని ఆయమ్మకు జెప్పొద్దు. అంత దూరంనుంచి పండగని వస్తాంది. మనం జేస్తే సరి” అంది.

నవంబరు రెండో శనివారం పొద్దున్నే వాకిట్లో ముగ్గు పడింది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. సుంకులమ్మ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. చుట్టుపక్కల పట్టు రైతులకు చెబితే వాళ్ళు మొదట తెల్లబోయారు. హిరోసేమ్మ వస్తోందనగానే ఇంకేం అడక్కుండా కొత్తబట్టలు కట్టుకుని వచ్చారు. ఆమె కారు దిగింది. మనిషి బాగా చిక్కిపోయింది. గుమ్మంలో చెప్పులు విడిచి, మామిడాకులు చూసి, తలవంచి నమస్కరించింది.

తింటూ తింటూ మనవరాలి చేత అడిగించింది: “ఈ పండగ ఏ దేవుడిది?”

కదిరప్ప భార్య వైపు చూశాడు. సుంకులమ్మే అందుకుంది. “ఆపీసుల దేవునిదమ్మా. ఆయప్ప చానా మంచోడు. నెలకో పొద్దు ఎవురినీ పన్జేయమనడు.”

కదిరప్ప ముక్కల ఇంగ్లీషులోంచి మనవరాలి జపానులోకి ఆ మాట చేరగానే హిరోసే గౌరవంగా తల ఊపింది. ఓళిగ అయిపోగానే సుంకులమ్మ కళ్ళలోకి చూసి “ఇంకొంచెం” అంది. తెలుగు మరిచిపోలేదు.

మధ్యాహ్నం అందరూ షెడ్డులోకి వెళ్ళారు. పురుగులు నాలుగో జ్వరం లేచి మేస్తున్నాయి. వాన పడుతున్నట్టు సన్నటి చప్పుడు. ఆమె సంచిలోంచి కట్టగా చుట్టిన ఒక పట్టునూలు చిలప తీసి, కొత్త గుడ్డ పరిచి దాని మీద పెట్టింది. వాళ్ళ తొమ్మిది ఇళ్ళ ఆఖరి గూళ్ళనుంచి తీసిన నూలు అది. అగరొత్తి వెలిగించి, పురుగుల తట్టల వైపు తిరిగి, నడుము వంగేదాకా వంగి దండం పెట్టింది. కదిరప్ప ఆమె పక్కన నిలబడి తనూ వంగాడు. ముప్పై రెండేళ్ళలో ఎన్ని లక్షల గూళ్ళు మరిగే నీళ్ళలో వేయించాడో ఆయనకే తెలియదు. ఒక్కసారి కూడా వాటికి దండం పెట్టలేదని ఆ క్షణాన గుర్తొచ్చి సిగ్గేసింది. వెనకాల రైతులు కూడా ఒకరొకరే చేతులు జోడించారు. ఆమె కదిరప్ప చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అక్కడితో అయిపోయుండేదే. కాని రైతుల్లో ఎవరో ఫొటో తీసి పత్రిక విలేఖరికి పంపారు. సోమవారం జిల్లా పేజీలో ‘ఘనంగా రెండో శనివారం వేడుకలు’ అని పడింది. బుధవారానికి ప్రధాన కార్యాలయంలోని చార్టులో హిందూపురానికే ఒక కొత్త వరస చేరి, అందులో పన్నెండు పసుపు సూదులు పడ్డాయి. శుక్రవారం కదిరప్పకు మెమో వచ్చింది.

“గత రెండవ శనివారమున తమ గృహమందు విదేశీ అతిథుల సమక్షమున పండుగ జరిగినట్లు తెలియవచ్చినది. రెండవ శనివారము సెలవు దినమే గాని పండుగ కాదు. కావున అది పండుగ అనుటకు తమవద్దనున్న ఆధారములను మూడు దినములలోగా సమర్పించవలెను.”

కదిరప్ప ఎన్నడూ ఏ మెమోకూ వెంటనే జవాబు రాయలేదు. ఎవరినో ఒకరిని అడిగి, నాలుగు చిత్తుప్రతులు రాసి గాని పంపేవాడు కాదు. ఈసారి ఎవరినీ అడగలేదు. షెడ్డు అరుగు మీదే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు.

“అయ్యా, ఆ రోజు మా ఇంటికి మేము రమ్మనుకున్న మనిషి వచ్చినారు. అందరము కలిసి తిన్నాము. మమ్మల్ని బతికించే పురుగులకు దండము పెట్టుకున్నాము. పండగ అనుటకు నా వద్ద ఇంతకు మించి ఆధారము లేదు.”

సంతకం పెట్టి, తేదీ వేసి, పురుగులకు ఆకు వేయడానికి లోపలికి వెళ్ళాడు.